చిల్లు పెట్టని బకెట్లు

నేను మంచివాణ్ణా, పిరికివాణ్ణా అన్న అనుమానం పన్నెండేళ్లుగా నన్ను వదలలేదు. పొద్దున్నే దేవుడి పటం ముందు కళ్లు మూసుకున్నా పక్కనే వచ్చి కూర్చుంటుంది. పరాయి వస్తువు ముట్టను, నోరు తెరిచి ఎవరినీ ఏమీ అడగను. ఈ రెండూ నాలోని మంచి గుణాలని నలభై ఏళ్లు నమ్మాను. రెండోది కూడా మంచి గుణమేనా అన్న సందేహం ఆ వసంతంలో వచ్చింది.

ఆ ఏడు చలి ఇంకా పోకముందే మా ఆవిడ పనిచేసే కుట్టు ఫ్యాక్టరీ మూతపడింది. పదమూడేళ్లు చొక్కాలకు కాలర్లు కుట్టింది. ఆఖరి రోజు కొలతల టేపు మెడలో వేసుకునే ఇంటికొచ్చి, వారం దాకా తీయలేదు. వంట చేస్తున్నా, బట్టలు ఆరేస్తున్నా అది మెడలో వేలాడుతూనే ఉండేది. "అమ్మా, నువ్వు డాక్టరమ్మలా ఉన్నావు" అని పాప అన్నాకే నవ్వి, తీసి మేకుకు తగిలించింది. పాపకు అప్పుడు పదేళ్లు.

నేను రొట్టెల ఫ్యాక్టరీలో స్టోరు చూస్తాను. పిండి బస్తాలు, చక్కెర, వనస్పతి వస్తే దింపించుకోవడం, లోపలికి పంపడం నా పని. నా జీతం అద్దెకూ తిండికీ సరిపోతుంది. పాప బడి బస్సు ఖర్చు మాత్రం ఎప్పుడూ కాలర్ల మీదే నడిచేది. బడి మార్పిద్దామంటే, దగ్గర్లో ఉన్న బడిలో చదివి తను కాలర్లు కుట్టే దాకా వచ్చానని మా ఆవిడ ఒప్పుకోలేదు.

అప్పుడొచ్చింది కాజాలక్క. ఫ్యాక్టరీలో మా ఆవిడ పక్క మిషను మీద కాజాలు కుట్టేది కనుక అందరూ ఆమెను అలాగే పిలిచేవారు. బస్సులో ఆరు గంటలు ప్రయాణం చేస్తే వచ్చే ఊళ్లో ఒక ఇంటివాళ్లు, మంచం పట్టిన పెద్దావిడను చూసుకోవడానికి మనిషిని వెతుకుతున్నారట. ఉండటం, తినడం అక్కడే. జీతం కాలర్ల మీద వచ్చేదానికి రెండింతలు. నెలకొక్కసారి రెండు రోజులు ఇంటికి రావచ్చు. బడులు తెరిచేలోపు చెప్పమని, అప్పటిదాకా ఎలాగోలా ఆపుతానని చెప్పి టీ తాగి వెళ్లిపోయింది.

గ్లాసు కడుగుతూ మా ఆవిడ నావైపు తిరగకుండానే మాట్లాడింది. "నాకు వెళ్లాలని లేదు. పాప బస్సుకు సరిపడా ఇక్కడే వస్తే వెళ్లను. అంతే."

ఆ 'ఇక్కడే' అంటే ఏమిటో మర్నాడు తెలిసింది. మేముండేది మూడో అంతస్తులో, ఆఖరి వాటా. మా తలుపు పక్కనుంచే డాబా మీదికి మెట్లు. ఇంటివాళ్లకు మోకాళ్ల నొప్పులు కాబట్టి ఆ డాబా ఎవరికీ పట్టేది కాదు. వీధి చివర కూరల కొట్టావిడతో మా ఆవిడ అప్పటికే మాట్లాడేసి వచ్చింది. పుదీనా, కొత్తిమీర, పాలకూర రోజూ పొద్దున్నే కోసినవి కోసినట్టు కట్టలు కట్టి తెస్తే తీసుకుంటానందట. మార్కెట్టునుంచి వచ్చేవి దారిలోనే వాడిపోతున్నాయని ఆవిడ బాధ. లెక్క కాగితం మీద వేసి చూపించింది. ఇరవై కుండీలుంటే బస్సు ఖర్చు బొటాబొటిగా వస్తుంది. కుండీలు కొంటే మాత్రం మొదటి ఏడాదంతా కుండీలకే పోతుంది.

"మీ స్టోరు వెనక తెల్ల బకెట్లు గుట్టగా పడి ఉంటాయిగా, వనస్పతివి" అంది. "అవి తెండి."

అడగడం నాకు చేతకాదు. మూడు రోజులు గడిచాక, సూపర్‌వైజరు మంచి మూడ్‌లో ఉన్నాడని చూసుకుని వెళ్లాను. ఆయన నన్ను స్వామీ అని పిలుస్తాడు. ఫ్యాక్టరీలో నా భక్తి అందరికీ ఒక వేళాకోళం. ఇరవై బకెట్లు కావాలని, ఆర్నెల్లలో ఎట్లా తీసుకెళ్లినవి అట్లాగే కడిగి తెచ్చి ఒప్పజెబుతానని అన్నాను. ఆ ఆర్నెల్ల మాట, ఒప్పజెప్పే మాట ఆయన అడగలేదు, నేనే అన్నాను. ఉచితంగా పుచ్చుకుంటున్నానన్న పేరు నాకు రాకూడదు. ఆయన కాసేపు నా మొహం చూసి, "నీ ఇష్టం స్వామీ" అన్నాడు.

ఖర్చు లేకుండా తోట ఎలా పెట్టాలో ఆ నెల మా ఆవిడ దగ్గర చూశాను. వీధి మలుపులో పునాదులు తవ్వుతుంటే పైమట్టి బస్తాల్లోకి ఎత్తుకుంది. చిరిగిన కొబ్బరి పీచు పరుపు విప్పి, పీచు నానబెట్టి, కత్తెరతో తుంచి మట్టిలో కలిపింది. టీ కొట్టతని దగ్గర వాడేసిన టీపొడి, కూరల కొట్టులో రాలిన ఆకులు తెచ్చి మూలన కుళ్లబెట్టింది. పోపుల డబ్బాలోని ధనియాలను చపాతీ కర్రతో రెండు బద్దలుగా నలిపి నాటింది. కొన్న పుదీనాలో ముదురు కాడలు ఏరి గ్లాసులో వేళ్లు పుట్టించింది. మొత్తానికి డబ్బిచ్చి కొన్నది పాలకూర విత్తనాల పొట్లం ఒక్కటే.

మా ఫ్యాక్టరీలో రోజూ బుట్టలకొద్దీ కోడిగుడ్డు పెంకులు పారేస్తారు. మొక్కలకు మంచిదని తెమ్మంది. ఫ్యాక్టరీ సొమ్ము, చెప్పకుండా ఎలా తేవడమని నసిగాను.

"చెత్తబుట్టకు కూడా చీటీ రాయించుకోవాలా?" అంది. పాప కిసుక్కున నవ్వింది. నేనూ నవ్వాను. పెంకులు మాత్రం తేలేదు.

బకెట్ల దగ్గరే మొదటిసారి మాటా మాటా వచ్చింది. పాలకూర విత్తనాలమ్మిన నర్సరీ ఆవిడ, అడుగున చిల్లులు పెట్టకపోతే అది కుండీ కాదు, గోలెమే అని చెప్పి పంపిందట. మేకు కాల్చి బకెట్టుకు నాలుగు చిల్లులు పెడదామని మా ఆవిడ స్టవ్వు వెలిగించబోయింది. నేను అడ్డం నిలబడ్డాను. అవి మనవి కావు, ఎట్లా తెచ్చామో అట్లా ఇస్తానని మాటిచ్చాను, చిల్లు బకెట్టు తిరిగిస్తే వాళ్లేమనుకుంటారు అన్నాను. అడుగున ఇటుక ముక్కలు పరిస్తే మిగిలిన నీళ్లు వాటిలోకి దిగుతాయని, ఎక్కడో విన్నది చెప్పాను. నేనే సందులోంచి విరిగిన ఇటుకలు మోసుకొచ్చి, సుత్తితో కొట్టి, ప్రతి బకెట్టులో బెత్తెడు ఎత్తున పరిచాను. ఆ పని శ్రద్ధగా చేశాను. సాయంత్రం ప్రార్థనలో కూడా నాకు తృప్తిగానే అనిపించింది.

మా ఆవిడ ఇటుకల వంక చూసి, "సరే, కొలిచి పోస్తాను" అంది.

కొలిచే పోసింది. మిషను దగ్గర నేర్చుకున్న క్రమశిక్షణ అంతా డాబా మీదికెక్కింది. ఒక్కో రకానికి ఒక్కో రంగు దారం బకెట్టు చెవికి కట్టింది. పొద్దున్నే మట్టిలో వేలు గుచ్చి చూసి, వేలికి తడి అంటకపోతేనే ఒక గ్లాసు నీళ్లు, అంటితే లేదు. మేకుకున్న టేపు మళ్లీ మెడలోకొచ్చింది. పాలకూర ఇవాళ అంగుళం, కొత్తిమీర అంగుళమున్నర అని పాప ఆమె వెనకే నడుస్తూ అట్ట మీద రాసుకునేది. ఎండ తగిలి మా ఆవిడ మొహం నల్లబడింది. చాలా రోజుల తర్వాత ఆకలేస్తోందని అంది.

ఐదో వారం మొదటి కోత. పదకొండు కట్టలు వచ్చాయి. చీర చెంగులో పెట్టుకుని వీధి చివరికి వెళ్లింది. పావుగంటలో వచ్చి డబ్బులు నా అరచేతిలో పోసి, దేవుడి దగ్గర పెట్టమంది. కూరల కొట్టావిడ రేపటినుంచి ఇరవై తెమ్మందట. కట్టలు ఇంత సమంగా ఎలా కట్టావని అడిగిందట. "పదమూడేళ్లు కాలర్లు కుట్టినదాన్ని, రెండు చెవులూ ఒక్క కొలతలో రాకపోతే వెనక్కి కొట్టేవాళ్లు అని చెప్పాను" అంది. ఆ రెండు వారాలు మా ఇంట్లో కాజాలక్క ఊసు ఎవరూ ఎత్తలేదు.

తర్వాత వాన వచ్చింది.

కాలం కాని కాలంలో వచ్చింది. సోమవారం పొద్దున మొదలై సన్నగా, ఆగకుండా పడుతూనే ఉంది. మధ్యాహ్నానికే బకెట్లలో మట్టి మీద నీళ్లు మెరుస్తున్నాయి. మా ఆవిడ పాత ప్లాస్టిక్ షీటు కప్పింది, గాలికి అది నిలవలేదు. ఇరవై బకెట్లు ఇంట్లోకి తేవడానికి మాకున్నది ఒకటిన్నర గది. నాలుగు తెచ్చి మంచం కింద పెట్టింది. మిగిలినవాటిని ఒరగదీసి నీళ్లు వంచబోతే మట్టి, వేళ్లు కూడా జారి వచ్చేస్తున్నాయి.

"చిల్లులు పెట్టేస్తాను" అంది ఆ సాయంత్రం. సూపర్‌వైజరును రేపు అడిగి వస్తాను, ఒక్కరోజు ఆగమన్నాను.

మంగళవారం ఆయన గది దాకా వెళ్లాను. వ్యాను డ్రైవరు మీద అరుస్తున్నాడు. ఇది సమయం కాదనుకుని తిరిగొచ్చాను. బుధవారం ఆయన గదిలో ఇంకెవరూ లేరు, ఆయనా తీరికగానే ఉన్నాడు. రొట్టెల ట్రేల పక్కన నిలబడి మాటలు కూర్చుకున్నాను. మాట ఇచ్చి మూడు నెలలు కాలేదు, అప్పుడే మార్చమని ఎలా అడగడం? స్వామి కూడా అందరిలాంటివాడే అనుకోడా? గంట కొట్టారు, బస్తాల లారీ వచ్చింది, వెళ్లిపోయాను.

ఇంటికొచ్చేసరికి మా ఆవిడ మెట్ల మీద తడిసిన చీరతో కూర్చుని ఉంది. డాబా మీదనుంచి మురుగు వాసన దిగుతోంది. అడిగారా అంది. లేదన్నాను.

ఆమె గొంతు పెంచలేదు. "దేవుణ్ణి రోజుకు రెండు పూటలా అడుగుతారు. ఆ మనిషిని ఒక్కసారి అడగలేరా?"

  దేవుడు కాదన్నా ఎవరికీ వినపడదు కదా అన్నది లోపల మెదిలింది. అంత మాట నా మనసులోకి వచ్చినందుకు భయం వేసింది.

గురువారం పొద్దున వాన వెలిసింది. ఫ్యాక్టరీకి వెళ్తూనే తిన్నగా ఆయన గదిలోకి వెళ్లి అడిగాను. నాలుగు మాటల్లో అయిపోయింది. ఆయన పెన్ను పక్కన పెట్టాడు.

"చిల్లులా? పెట్టుకో స్వామీ, నరుక్కో, కాల్చుకో. అవి నెలకోసారి తుక్కువాడు పట్టుకుపోయేవి. ఆ రోజు తెచ్చి ఒప్పజెబుతానంటే, నీదేదో మొక్కు అనుకున్నాను."

సెలవు అడిగి ఇంటికి పరిగెత్తుకొచ్చాను. ఆ సెలవు మాత్రం ఎలా అడిగానో నాకు గుర్తు లేదు.

డాబా మీద మా ఆవిడ చేతిలో డ్రిల్లు ఉంది. కింది వాటాలో వడ్రంగి కొట్టు ఉండేది. ఆయన మా ఆవిడను చెల్లెమ్మా అంటాడు, ఆ వరసన నన్ను బావగారూ అని ఆటపట్టిస్తాడు. ఆయన్నడిగి, చేత్తో తిప్పే డ్రిల్లు తెచ్చుకుంది. ఆరేడు బకెట్లకు అడుగు పక్కన అప్పటికే చిల్లులు పడ్డాయి. చిల్లుల్లోంచి నల్లటి నీళ్లు సన్నగా కారి, ఇటుక పొడి ఎరుపుతో కలిసి, డాబా వాలు వెంట పోతున్నాయి. పాలకూర పసుపు రంగుకు తిరిగి వాలిపోయింది. పుదీనా కాడ పట్టుకుంటే జిగురుగా చేతికొచ్చింది.

"పెట్టుకోవచ్చన్నాడు" అన్నాను.

ఆమె తిప్పడం ఆపలేదు. "ఎప్పటినుంచి?"

అబద్ధం చెప్పి ఉండాల్సింది. "మొదటినుంచీ" అన్నాను.

ఆమె ఇంకో బకెట్టు ఒరగదీసింది. డ్రిల్లు పిడి మీద బలమంతా పెట్టింది. ప్లాస్టిక్ దాటి మొన లోపలికి దిగింది, నేను పరిచిన ఇటుక ముక్కకు తగిలింది, టక్కుమని విరిగింది. విరిగిన సగం లోపలే ఉండిపోయింది. మిగతా సగాన్ని ఆమె కాసేపు చూసింది. తర్వాత డ్రిల్లును కొంగుతో శుభ్రంగా తుడిచి, కిందికి వెళ్లింది. మిగిలిన బకెట్లను నేను మేకు కాల్చి పొడిచాను. ఎందుకు చేశానో తెలియదు. చేయడానికి అంతకంటే ఏమీ కనపడలేదు.

మంచం కింది నాలుగు బకెట్లలో రెండు బతికాయి. వాటి మీద బస్సు నడవదు. ఆ ఆదివారం కాజాలక్కకు కబురు పంపింది.

వెళ్లే రోజు పాపకు రెండుసార్లు జడ వేసింది. ఏ డబ్బాలో ఏముందో అట్ట మీద రాసి, ఆ టేపు వేలాడిన మేకుకే గుచ్చింది. టేపు తన సంచీలో పెట్టుకుంది. బస్సు దగ్గర నేను దేవుణ్ణి మనసులో పదేపదే అడిగాను, ఈమె మనసు మార్చమని. ఆమె నా పక్కనే, మూరెడు దూరంలో నిలబడి ఉంది. ఆమెను మాత్రం అడగలేదు. బస్సు కదిలేముందు కిటికీలోంచి వంగి, "వడ్రంగన్న డ్రిల్లు బిట్టు విరగ్గొట్టాను. ఎనిమిదో నంబరు. కొనిచ్చేయండి, మర్చిపోకండి" అంది. సరేనన్నాను.

మరుసటి నెల వచ్చినప్పుడు చెప్పులు విప్పుతూనే అడిగింది, ఇచ్చారా అని. తలూపాను.

ఇవ్వలేదు. చిన్న ఇనపముక్క, ఒక పూట టీ ఖర్చు. ఇరవై తుక్కు బకెట్ల కోసం అంత పట్టుపట్టిన మనిషిని, నిజంగా బాకీ పడ్డ ఆ ఒక్క వస్తువు కొనలేకపోయాను. కొంటే వడ్రంగి దగ్గరికి వెళ్లాలి. వెళ్తే చెల్లెమ్మ ఏదని అడుగుతాడు. ఆయన కొట్టు తీసే వేళకు ముందే ఫ్యాక్టరీకి బయల్దేరడం, మూసిన తర్వాత ఇల్లు చేరడం అలవాటు చేసుకున్నాను. ఎదురుపడితే బావగారూ అనేవాడు. దండం పెట్టి నడిచిపోయేవాణ్ణి. ఆయన ఏనాడూ బిట్టు మాటెత్తలేదు.

ఆ పెద్దావిడ మూడేళ్లకు పోయింది. మా ఆవిడ తిరిగి రాలేదు. అదే ఊళ్లో ఆసుపత్రి దుప్పట్లు, గౌన్లు కుట్టే పని దొరికిందని చెప్పింది. నిర్ణయం చెప్పింది, అడగలేదు. నేనూ అడగలేదు. ఇప్పటికీ ప్రతి నెలా వస్తుంది, రెండు రోజులుంటుంది. గుమ్మంలోకి రాగానే ఎక్కడ కూర్చోవాలా అన్నట్టు ఒక్కసారి చుట్టూ చూస్తుంది. మంచినీళ్లు తనే తెచ్చుకోదు, ఇస్తే తాగుతుంది. పాప బస్సులో బడికి వెళ్లింది, కాలేజీకి వెళ్లింది, ఇప్పుడు తల్లి ఉన్న ఊళ్లోనే ఉద్యోగం చూసుకుంది. ఇద్దరూ కలిసి అద్దెకు ఒక గది తీసుకున్నారు. ఇది ఎవరి తప్పూ కాదని పాప అంటుంది. పాప మంచిది.

దేవుడు నా ప్రార్థన వినలేదని నేనెప్పుడూ అనుకోలేదు. విన్నాడేమో, విని నావైపే చూస్తూ కూర్చున్నాడేమో.

పోయిన వారం కింది వాటా ముందు చెక్క సామాను వీధిలో పెట్టి ఉంది. వడ్రంగి కళ్లు బొత్తిగా ఆనడం లేదట, కొట్టు మూసేస్తున్నాడట. పనిముట్లు కొనడానికి ఎవరో సాయంత్రం వస్తారని పక్క వాటా వాళ్లు చెప్పారు. ఆ మధ్యాహ్నమే వీధి చివర ఇనప సామాను కొట్టుకు వెళ్లి ఎనిమిదో నంబరు బిట్టు అడిగాను. చెక్కకా, గోడకా అన్నాడు. చెక్కకన్నాను.

వడ్రంగి నేల మీద గోనెపట్టా పరిచి, ఉలులు ఒక్కొక్కటే నూనె గుడ్డతో తుడిచి పెడుతున్నాడు. నన్ను గొంతుతోనే గుర్తుపట్టాడు. రండి బావగారూ, ఇన్నాళ్లకు దారి తప్పారా అన్నాడు. బిట్టు చేతిలో పెట్టి, ఇదెప్పటిదో చెప్పాను. వేళ్లతో దాని వంపులు తడిమి చూశాడు. గుర్తొచ్చింది.

"చెల్లెమ్మ ఆ రోజే చెప్పింది, మీరు తెచ్చిస్తారని" అన్నాడు. "ఆ వారమే ఇంకోటి కొనుక్కున్నాను లెండి. ఇద్దరం పనిలో ఉండి మర్చిపోయాం."

మర్చిపోలేదనబోయి ఆగాను. ఆయన బిట్టును మిగతావాటి పక్కన, అమ్మకానికి పెట్టిన వరసలో పెట్టాడు. కొత్తది కావడంతో అదొక్కటే మెరుస్తోంది.

"ఆవిడ మనసులో ఉండిపోయి ఉంటుంది. ఈసారి వచ్చినప్పుడు చెప్పండి, అన్నకు అందిందని."

చెబుతానన్నాను.